బాంటం పిల్లల్లో పెట్ట ఏది, పుంజు ఏది: ఏ వయసులో ఏ గుర్తును నమ్మాలి?

గుణుపురం సంతలో నేను మొదటిసారి బాంటం (మామూలు కోడికన్నా బాగా చిన్నగా ఉండే పొట్టి జాతి కోడి) పిల్లలు కొన్నప్పుడు అమ్మినాయన "జోడీ అండి, ఇది పెట్ట, ఇది పుంజు" అని వేలు పెట్టి మరీ చూపించాడు. వారం వయసు పిల్లలు. రెండూ ఒకేలా నూగు ముద్దల్లా ఉన్నాయి. మూడో నెల రాగానే తెల్లవారుజామున రెండూ పోటీపడి కూయడం మొదలెట్టాయి. ఆ తర్వాత పది రోజులకి ఒకటి రెండోదాని నెత్తి రక్తం కారేలా పొడిచింది. చివరికి ఒకదాన్ని పర్లాకిమిడిలో ఉన్న మా అప్ప ఇంటికి పంపేశాను. ఆయన మోసం చేశాడని నేను అనను. వారం పిల్లను చూసి చెప్పడం ఆయనకీ చేతకాదు. అడిగాం కాబట్టి ఏదో ఒకటి చెప్పాడు, అంతే.

ఇప్పుడు మా వైపు, అంటే ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లోని తెలుగు ఇళ్ళలోనూ, ఇటు ఆంధ్రలో పాతపట్నం, కురుపాం దాకానూ పెరట్లో సిల్కీలు, జపనీస్ బాంటంలు, కొచ్చిన్ బాంటంలు కనిపిస్తున్నాయి. నాటుకోడికి, బాంటానికి పుట్టిన పొట్టి పిల్లలైతే చెప్పక్కర్లేదు. పెంచేవాళ్ళందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే: పెట్టా, పుంజా? దీనికి ఒక్క గుర్తుతో జవాబు లేదు. ప్రతి గుర్తుకీ ఒక వయసు ఉంది, అది పనిచేసే జాతులు ఉన్నాయి, బోల్తా పడే జాతులూ ఉన్నాయి. మీ పిల్ల జాతి ఏది, వయసెంత అన్నది తేలితే ఏ పద్ధతి పట్టుకోవాలో దాదాపు తేలిపోయినట్టే.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, జవాబు మీకు ఎప్పటికి కావాలి? కొనేటప్పుడే కావాలా, రెండు నెలలు ఆగగలరా? పిల్లలను అమ్మేవాళ్ళకి తొందర ఉంటుంది. ఇంట్లో ముచ్చటకి పెంచుకునేవాళ్ళకి ఉండదు.

రెండోది, తప్పయితే నష్టం ఎంత? ఊరి చివర పెరడు ఉన్నవాళ్ళకి ఒక పుంజు ఎక్కువైతే పెద్ద ఇబ్బంది లేదు. గోడకి గోడ ఆనుకున్న లైన్ ఇంట్లో ఉంటే మాత్రం నాలుగు గంటలకే కూసే పుంజు నిజంగా టెన్షన్.

మూడోది, పిల్లకు ఎంత ఇబ్బంది? బాంటం పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజున 20 గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది. లేయర్ (గుడ్ల కోసం ఫారాల్లో పెంచే) కోడిపిల్ల దానికి దాదాపు రెట్టింపు. పెద్ద జాతి పిల్లకు ఏమీ కాని నొక్కుడు దీని ప్రాణం తీయగలదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: జాతి. నెత్తి మీది ఎర్ర జుట్టు (ఈకలు కాదు, కండలా ఉండే తురాయి) ఎలాంటిది, కాలి మీద ఈకలు ఉన్నాయా, చర్మం నలుపా, రంగు చారలా, మచ్చలా? ఇవి చూడకుండా ఏ పద్ధతి గురించీ మాట్లాడుకోలేం.

| పద్ధతి | తెలిసే వయసు | ఎంత నమ్మొచ్చు | ఎక్కడ పనికిరాదు |
|---|---|---|---|
| మలద్వారం చూడడం | మొదటి రోజు | బాగా శిక్షణ ఉన్నవాళ్ళ చేతిలో చాలా ఎక్కువ, మన చేతిలో చాలా తక్కువ | బాంటంలకు ఇంట్లో అసలు వద్దు |
| రెక్క ఈకల పొడవు | 1 నుంచి 3 రోజులు | దానికోసమే జతకట్టిన కోళ్ళలో బాగా | మామూలు బాంటంలలో, నాటుకోళ్ళలో |
| నూగు రంగు, తల మచ్చ, కంటి గీత | మొదటి వారం | తల్లిదండ్రుల రంగును బట్టి | తెల్లవి, నల్లవి, జాతి తెలియనివి |
| నెత్తి జుట్టు | 4 నుంచి 8 వారాలు | రంపంలా నిలబడే జుట్టుకి బాగా | సిల్కీ, బఠాణీ జుట్టు జాతులు |
| మెడ, నడుము ఈకల కొస | 10 నుంచి 14 వారాలు | చాలా బాగా | సెబ్రైట్, సిల్కీ |
| కూత | 2 నుంచి 5 నెలలు | చాలా బాగా | కూయలేదంటే పెట్ట అని అర్థం కాదు |
| డీఎన్‌ఏ పరీక్ష | ఏ వయసైనా | అన్నిటికన్నా ఎక్కువ | ఖర్చుకి తగిన కోడి కాకపోతే |

మొదటి రోజు పద్ధతులు

మలద్వారాన్ని తెరిచి లోపల గుండుసూది తలంత బుడిపె ఉందా లేదా చూసే పద్ధతిని 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు. బాగా నేర్చుకున్నవాళ్ళు గంటకి వందల పిల్లలను వేరు చేస్తారు, నూటికి 95కి పైగా సరిగ్గా చెబుతారు. పెద్ద హ్యాచరీల పని అది. దానికి నెలలు, ఏళ్ళ శిక్షణ కావాలి. ఆడపిల్లల్లో కూడా కొన్నిటికి ఆ బుడిపె ఉంటుంది, ఆ తేడాను పట్టడమే అసలు విద్య. వీడియో చూసి 20 గ్రాముల బాంటం పిల్ల పొట్ట నొక్కేవాళ్ళను నేను చూశాను. అప్పటికింకా లోపల పచ్చసొన పూర్తిగా ఇంకిపోయి ఉండదు. గట్టిగా నొక్కితే అది చితికి పిల్ల చచ్చిపోతుంది. దయచేసి చేయకండి.

రెక్క ఈకల పద్ధతి గురించి మా దగ్గర చాలామంది గట్టిగా వాదిస్తారు. రెక్క విప్పి చూస్తే ఈకలు రెండు వరసల్లో పొడవూ పొట్టీగా ఉంటే పెట్ట, అన్నీ సమానంగా ఉంటే పుంజు అంటారు. ఈ మాట అబద్ధం కాదు గానీ అది ఒక ప్రత్యేకమైన జతకే చెల్లుతుంది. ఈకలు ఆలస్యంగా వచ్చే గుణం కోళ్ళలో ఆడా మగా తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పుంజుకి రెండు జెడ్‌లు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. నెమ్మదిగా ఈకలొచ్చే పెట్టను, త్వరగా ఈకలొచ్చే పుంజుతో జతకడితే తల్లి జెడ్ కొడుకులకే వెళ్తుంది. అందుకని కొడుకులు నెమ్మదిగా, కూతుళ్ళు త్వరగా ఈకలు తెచ్చుకుంటారు. అదీ మొదటి రెండు మూడు రోజులే కనిపించే తేడా. మన పెరటి బాంటంలను ఎవరూ ఆ లెక్కన జతకట్టరు. అలాంటప్పుడు రెక్క విప్పి చూడడం నాణెం ఎగరేయడంతో సమానం.

ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. సంతల్లో, జాతరల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన పిల్లలను "బాంటం" అని అమ్మేవాళ్ళు ఉంటారు. అవి బాంటంలు కావు. ఎక్కువగా లేయర్ హ్యాచరీల్లో గుడ్లు పెట్టవు కాబట్టి వేరు చేసేసిన మగపిల్లలు. అందులో పెట్ట కోసం వెతకడం దండగ. పిల్లలు ముచ్చటపడి కొనిపిస్తారు, వారంలో సగం చచ్చిపోతాయి. ఆ గంప దగ్గర ఆగకపోవడమే మేలు.

నూగు రంగు: జత తెలిస్తేనే

మొదటి వారంలో నేను నిజంగా నమ్మేది ఇదొక్కటే, అదీ తల్లిదండ్రులు కళ్ళముందు ఉంటేనే.

ఈకల మీద అడ్డచారలు ఉండే పెట్టను నల్ల పుంజుతో కట్టారనుకోండి. పుట్టిన నల్లపిల్లల్లో నెత్తి మీద తెల్ల మచ్చ ఉన్నవి పుంజులు, మచ్చ లేనివి పెట్టలు. ఇదీ జెడ్ క్రోమోజోమ్ లెక్కే. జత తిరగేసి, చారల పుంజును నల్లపెట్టతో కడితే ఏమీ తేలదు, పిల్లలన్నిటికీ మచ్చ వస్తుంది. నా స్నేహితుడొకడు ఇలా తిరగేసి కట్టి, "అన్నీ పుంజులే" అని బాధపడి నాలుగు పిల్లలను తక్కువకి ఇచ్చేశాడు. వాటిలో రెండు తర్వాత గుడ్లు పెట్టాయి. చారల జాతి రెండు వైపులా ఉంటే మాత్రం కొంత తెలుస్తుంది: పుంజు పిల్లకి మచ్చ పెద్దగా చెదిరినట్టు ఉంటుంది, పెట్టకి చిన్నగా, చుట్టూ గిరి గీసినట్టు ఉంటుంది. పెరిగాక పుంజు చారలు తెల్లబడి లేత రంగులో కనిపిస్తాయి.

ఇక అడవికోడి రంగు పిల్లలు. మన కొండల్లో తిరిగేది ఎర్ర అడవికోడి. ఊళ్ళో నాటుకోళ్ళలో ఆ రంగు బాగా ఉంది, బాంటంతో కలిసిన పిల్లల్లోనూ వస్తుంది. వీపు మీద ఉడతకి ఉన్నట్టు చారలున్న పిల్లలు అవే. వాటిలో కంటి వెనక గీత చూడండి. కాటుక దిద్దినట్టు సన్నగా, ముదురుగా, తెగకుండా వెనక్కి సాగితే పెట్ట అయ్యే అవకాశం ఎక్కువ. అలికినట్టు మసకగా ఉంటే పుంజు కావచ్చు. ఇది నూటికి నూరు కాదు, రాసి పెట్టుకోవడానికి పనికొస్తుంది. అసలు సాక్ష్యం మూడు నాలుగు వారాలకి రొమ్ము మీద వస్తుంది. పెట్టకి రొమ్ము ఈకలు మట్టి రంగులో, లేత ఇటుక రంగులో మొలుస్తాయి. పుంజుకి నల్లగా మొలుస్తాయి. ఈ రంగు జాతుల్లో రొమ్ము గుర్తును నేను జుట్టుకన్నా ముందు నమ్ముతాను.

పూర్తి తెల్లవి, పూర్తి నల్లవి అయితే రంగుతో ఏమీ చెప్పలేం. అక్కడ జుట్టు కోసం ఆగాల్సిందే.

నాలుగో వారం నుంచి: నెత్తి జుట్టు

ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

రంపం పళ్ళలా నిలబడే జుట్టు ఉన్న జాతుల్లో, అంటే జపనీస్ బాంటం, కొచ్చిన్ బాంటం, చాలా నాటు కలయికల్లో, నాలుగో వారం నుంచి పుంజుపిల్ల జుట్టు లేత గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆరు వారాలకి ఎర్రబడి పొడుగవుతుంది, దవడ కింద ఎర్రటి తోలు వేలాడ్డం మొదలవుతుంది. పెట్టపిల్ల జుట్టు అదే వయసులో పసుపుగా, పొట్టిగా, పొలుసులా ఉంటుంది. గుడ్లు పెట్టే వయసు దగ్గరయ్యేదాకా దానికి ఎరుపు రాదు.

కానీ ఒక్క పిల్లను పట్టుకుని చూస్తే తప్పు చెబుతారు. ఒకే గుడ్ల వరసలో, ఒకే రోజు పొదిగిన పిల్లలను పక్కపక్కన నిలబెట్టి పోల్చాలి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ మధ్య తేడా కళ్ళకి కొడుతుంది. పది రోజుల తేడా ఉన్న పిల్లలను కలిపి పోలిస్తే పెద్ద పెట్ట కూడా పుంజులా కనిపిస్తుంది. అందుకే గుడ్డు పగిలిన తారీఖు గోడ మీద రాసుకోవడం నాకు అలవాటైంది.

జబ్బు కూడా దారి తప్పిస్తుంది. రక్తపారుడు వచ్చి లేచిన పుంజుపిల్ల, కడుపులో పురుగులున్న పుంజుపిల్ల జుట్టు పాలిపోయి పెట్టలా కనిపిస్తుంది. బొబ్బలొస్తే జుట్టు మీద పొక్కులు కట్టి ఏ రంగో తెలియదు. నీరసంగా ఉన్న పిల్ల విషయంలో నిర్ణయం వాయిదా వేయండి. ముందు అది తేరుకోవాలి.

బఠాణీ గింజల్లా మూడు వరసలుగా అణిగి ఉండే జుట్టు అసీల్ (పందెం కోడి జాతి) కలయికల్లో కనిపిస్తుంది. అక్కడ మధ్య వరస చూడాలి. ఎనిమిది వారాలకి అది వెడల్పై ఎర్రగా ఉబ్బితే పుంజు. సన్నని గీతలా ఉంటే పెట్ట అయ్యే అవకాశం ఉంది, కానీ నేనైతే పన్నెండో వారం దాకా ఖాయం చేయను.

పదో వారం తర్వాత: ఈక కొస

మెడ వెనక ఈకలు, తోక మొదట్లో నడుము మీద ఈకలు కొత్తగా మొలిచే సమయం ఇది. పుంజుకి అవి సన్నగా, కొస సూదిలా, నూనె రాసినట్టు మెరుస్తూ వస్తాయి. పెట్టకి కొస గుండ్రంగా, చేటలా వస్తుంది. నడుము మీద రెండు పక్కలా జారే ఆ సూది ఈకలు ఒక్కటి కనిపించినా చాలు, ఇక అనుమానం అక్కర్లేదు. జుట్టు చూసి రెండు మనసులతో ఉన్నవాళ్ళకి ఇదే తీర్పు. వెలుతురులో, కోడి వీపు మీద చేత్తో ఈకలను తలవైపు దువ్వి చూడండి. పిల్ల బెదరదు, నొప్పీ ఉండదు.

ఎందుకు ఇంత గట్టి గుర్తు అంటే, కోళ్ళలో ఆడ ఈకలు ఆడ హార్మోన్ వల్లే వస్తాయి. ఆ హార్మోన్ లేకపోతే ఈకలు పుంజు ఈకలే అవుతాయి. ముసలి పెట్టకు అండాశయం పాడైతే కొన్నిసార్లు పుంజు ఈకలొచ్చి కూయడం కూడా ఇందుకే. పెట్ట కూస్తే అరిష్టమని మన వైపు వెంటనే కోసేస్తారు. దాని ఒంట్లో వచ్చిన మార్పు అది, ఇంటికి దానితో ఏ కీడూ లేదు.

ఈ గుర్తుకు పెద్ద మినహాయింపు సెబ్రైట్. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో సర్ జాన్ సెబ్రైట్ తయారుచేసిన జాతి ఇది, ఒక్కో ఈకకీ నల్ల అంచు కుట్టినట్టు ఉంటుంది. వీటి పుంజులకు చర్మంలోనే మగ హార్మోన్ ఆడ హార్మోన్‌గా మారిపోతుంది. అందుకని పుంజు ఈకలు కూడా పెట్ట ఈకల్లాగే గుండ్రంగా ఉంటాయి, తోకలో కొడవలి ఈకలు ఉండవు. సెబ్రైట్‌లో ఈకను పక్కన పెట్టి జుట్టు చూడండి. దానిది వెడల్పుగా, గులాబీ మొగ్గలా పరుచుకునే జుట్టు. పుంజుకి అది త్వరగా ముదురుతుంది.

ఇబ్బంది పెట్టే మూడు జాతులు

సిల్కీ. మా వైపు అందరూ ఇష్టపడేదీ, అందరినీ ఏడిపించేదీ ఇదే. చర్మం నలుపు, జుట్టు ముదురు ఊదా, ఈకలకు కొక్కేలు లేక దూదిలా ఉంటాయి. అంటే ఎర్రబడడమూ కనిపించదు, ఈక కొసా కనిపించదు. కడక్‌నాథ్ పెంచేవాళ్ళకి ఈ ఇబ్బంది కొంత తెలుసు, చర్మాన్ని నలుపు చేసే మార్పు రెండిట్లోనూ ఒకటే. సిల్కీలో చూడాల్సింది రంగు కాదు, పరిమాణం: పుంజుకి ముక్కు పైన జుట్టు వెడల్పుగా, గడ్డలా ఉబ్బుతుంది. పెట్టకి చిన్నగా ఉండి నెత్తి మీది కుచ్చు కింద దాక్కుంటుంది. కుచ్చు కూడా చెబుతుంది. పెట్టకి అది బంతిలా గుండ్రం. పుంజుకి వెనక వైపు రెండు మూడు పొడుగు పోగులు బయటికి సాగుతాయి. ఇదంతా తేలడానికి నాలుగైదు నెలలు పడుతుంది, కొన్నిటికి ఆరు. రెండు నెలల సిల్కీని "గ్యారంటీ పెట్ట" అని ఎవరైనా అమ్మితే ఆ గ్యారంటీకి డబ్బు ఇవ్వకండి.

జపనీస్ బాంటం. దీనిలో "కాళ్ళు పొడుగు, లావు, కాబట్టి పుంజు" అనే పాత లెక్క పూర్తిగా తప్పుతుంది. ఆ పొట్టి కాళ్ళు ఒక జన్యువు వల్ల వస్తాయి. రెండు పొట్టికాళ్ళ కోళ్ళను జతకడితే నాలుగో వంతు పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతాయి. బయటికి వచ్చిన ప్రతి మూడిట్లో ఒకటి సగటున మామూలు పొడుగు కాళ్ళతో వస్తుంది. ఆ పొడుగు కాళ్ళ పిల్ల పెట్టా కావచ్చు, పుంజూ కావచ్చు. మా చిన్నమ్మ అలా ఒకదాన్ని పుంజని ఐదు నెలలు పిలిచింది, చివరికి అది వంటింటి అటక మీద గుడ్లు పెట్టింది. ఈ జాతికి జుట్టు పెద్దది, కాబట్టి జుట్టే నమ్మండి. ఆరో వారానికే చక్కగా చెబుతుంది.

కొచ్చిన్ బాంటం. కాళ్ళ నిండా ఈకలు, ఒళ్ళంతా బూరలా. మగపిల్లలకి తోక, వీపు ఈకలు ఆలస్యంగా వస్తాయి. నెల వయసులో వీపు బోసిగా, తోక లేకుండా ఉన్నది పుంజు కావచ్చు, చక్కగా తోక నిలబెట్టినది పెట్ట కావచ్చు. జుట్టు మాత్రం స్పష్టంగానే ఉంటుంది. రెండూ కలిపి చూస్తే ఎనిమిది వారాలకి తేలిపోతుంది.

ప్రవర్తన, కూత, కాలి ముల్లు

రెండు మూడు వారాల పిల్లలు ఎదురెదురుగా నిలబడి రొమ్ములు తాకించుకుంటాయి. చూసినవాళ్ళు "పుంజులు" అనేస్తారు. పెట్టపిల్లలూ ఇదే చేస్తాయి, నమ్మకండి. కూత మాత్రం గట్టి సాక్ష్యం. బాంటం పుంజులు రెండు మూడు నెలలకే బొంగురుగా మొదలెడతాయి. అయితే పెద్ద పుంజు ఉన్న గూట్లో చిన్న పుంజు భయంతో నెలల తరబడి నోరు మెదపదు. పెద్దదాన్ని వేరే ఇంటికి పంపిన మర్నాడే అది గొంతు విప్పుతుంది. కాలి ముల్లు చూసి చెప్పడం పిల్లల వయసులో కుదరదు. ముల్లు బుడిపె రెండిటికీ ఉంటుంది, ముదురు బాంటం పెట్టలకు ముళ్ళు రావడం కూడా మామూలే.

మొన మొనగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందనే మాట, మెడ పట్టి ఎత్తితే కాళ్ళు ముడిచేది పెట్ట అనే మాట, దారానికి ఉంగరం కట్టి తిప్పడం, ఇవేవీ పనిచేయవు. పెద్దవాళ్ళు ప్రేమగా చెబుతారు కాబట్టి వినండి, డబ్బు మాత్రం వాటి మీద పెట్టకండి.

డీఎన్‌ఏ పరీక్ష

పీకిన ఈక మొదట్లో ఉండే కణాలతో, లేదా రక్తపు చుక్కతో ఏ వయసులోనైనా తేలుతుంది. పెంపుడు చిలకల కోసం ఈ పరీక్ష చేసే ల్యాబులు మన దేశంలో ఉన్నాయి. పంపే ముందు కోడికీ చేస్తారా అని ఫోన్ చేసి అడగండి. రాలిన ఈక పనికిరాదు, పీకిన ఈకే కావాలి. మామూలు పెరటి కోడికి ఇది అక్కర్లేదు. మంచి రంగు సిల్కీ జతను దూరం నుంచి ఎక్కువ ధరకి తెప్పించేవాళ్ళకి, ప్రదర్శన కోళ్ళు పెంచేవాళ్ళకి మాత్రం ఆ ఖర్చు ఆరు నెలల ఎదురుచూపు కన్నా చవక.

మీ పరిస్థితిని బట్టి ఏది?

సంతలో పిల్లలు కొనేవాళ్ళకి నేను చెప్పేది పద్ధతి కాదు, లెక్క. పొదిగిన పిల్లల్లో ఆడా మగా దాదాపు సగం సగం. రెండు పిల్లలు కొంటే ఒక పెట్ట, ఒక పుంజు దొరికే అవకాశం సగమే. మూడు కొంటే నూటికి 75. నాలుగు కొంటే 87, ఐదు కొంటే 93, ఆరు కొంటే 96 దాటుతుంది. కాబట్టి జోడీ కావాలంటే అమ్మేవాడి మాట మీద రెండు కొనే బదులు, ఏరకుండా ఐదు కొని రెండు నెలలు పెంచి మిగిలినవి ఇచ్చేయండి. మేత ఖర్చు బాంటాలకి పెద్దగా ఉండదు, నూకలు, తవుడు, చోళ్ళతోపాటు మొదటి రెండు నెలలు స్టార్టర్ మేత ఇస్తే చాలు. లేదంటే మూడు నెలల పిల్లలనే కొనండి. ధర ఎక్కువైనా ఈక కొస చూసి కొంటారు, కొక్కెర తెగులు గండం కూడా చాలావరకు దాటి ఉంటుంది. టీకా వేశారా అని మాత్రం అడగండి.

లైన్ ఇళ్ళలో ఉండేవాళ్ళు, పుంజు అసలు వద్దనుకునేవాళ్ళు పిల్లల జోలికి వెళ్ళకపోవడం మంచిది. నాలుగు నెలలు దాటిన పెట్టలను తెచ్చుకోండి. పిల్లలను పెంచి, మనసు పడ్డాక పుంజని తేలి ఇచ్చేయాల్సి వస్తే ఇంట్లో చిన్నపిల్లలు పడే బాధ నేను చూశాను. అది ఎవరికీ వద్దు.

పిల్లలను తీసి అమ్మేవాళ్ళకి మొదటి వారంలో చెప్పగలిగే దారి కావాలి. మీకు రంగు లెక్కే సరైనది. అడ్డచారల బాంటం పెట్టలు, నల్ల బాంటం పుంజు ఒక గూట్లో పెట్టుకుంటే పుట్టిన రోజే తల మచ్చతో వేరు చేయొచ్చు. దీనికి ఒక నష్టం ఉంది: పిల్లలు ఏ జాతికీ చెందని కలయికలవుతాయి. శుద్ధజాతి అడిగే కొనుగోలుదారుకి అవి పనికిరావు. పెరటి గుడ్ల కోసం అడిగేవాళ్ళకి మాత్రం చక్కగా పనికొస్తాయి. శుద్ధజాతే అమ్మేవాళ్ళు "వేరు చేయని పిల్లలు" అని చెప్పి ఒకే ధరకి అమ్మడం నిజాయితీ. ఎనిమిది వారాలు పెంచి, జుట్టు చూసి, పెట్టకి ఎక్కువ, పుంజుకి తక్కువ ధర పెట్టడం ఇంకా మంచిది.

మిగిలిన పుంజులను మాంసానికి ఇచ్చేవాళ్ళు ఒడిశా పంచాంగం కూడా చూసుకోవాలి. కార్తీకంలో, ముఖ్యంగా చివరి ఐదు రోజులు, ఇక్కడ చాలా ఇళ్ళలో మాంసం ముట్టరు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్ళీ మాంసం తినడం మొదలెట్టే రోజు. ఆ రోజు కోడికి ఉన్నంత గిరాకీ ఇంకెప్పుడూ ఉండదు. ఆషాఢంలో పొదిగించిన పిల్లలు అప్పటికి నాలుగు నెలలవి అవుతాయి, ఆడా మగా తేలిపోయి ఉంటాయి. నాటు కలయిక పుంజులకే ఈ లెక్క. శుద్ధ బాంటంలో మాంసం అంతగా ఉండదు.

నేను చేసే పని

పిల్ల గుడ్డులోంచి వచ్చిన మూడో రోజున ఒక్కోదాని కాలికి ఒక్కో రంగు ఉన్ని దారం వదులుగా కడతాను. బిగుసుకుపోతే కాలు వాచిపోతుంది కాబట్టి పది రోజులకోసారి విప్పి మళ్ళీ కట్టాలి. ప్రతి ఆదివారం పొద్దున గంప కింద నుంచి ఒక్కొక్కటే తీసి, అదే గోడ ముందు, అదే దూరంలో ఫోన్‌తో పక్క నుంచి ఒక ఫోటో తీస్తాను. నాలుగు, ఆరు, ఎనిమిది వారాల ఫోటోలు పక్కపక్కన పెడితే రోజూ చూసే కంటికి తెలియని తేడా తెలుస్తుంది. నాలుగో వారంలో ఒక అంచనా రాస్తాను, ఎనిమిదో వారంలో సరిచూస్తాను, పన్నెండో వారంలో నడుము ఈకలు చూసి ఖాయం చేస్తాను.

అప్పటికీ తేలనిది ఒకటి రెండు ఉంటాయి, ఎక్కువగా సిల్కీలే. వాటిని అమ్మను, ఎవరికీ పెట్ట అని చెప్పను. ఐదు నెలలు దాటాక రాత్రి గూట్లో ఉన్నప్పుడు మెల్లగా ఎత్తి, మలద్వారం కింద రెండు పక్కలా ఉండే సన్నటి ఎముకల మధ్య వేలు పెట్టి చూస్తాను. బాంటం ఒళ్ళు చిన్నది కాబట్టి పెద్ద కోడి లెక్క పెట్టకూడదు. ఇక్కడ రెండు వేళ్ళు వదులుగా పడితే ఆ పెట్ట గుడ్డుకి దగ్గరపడినట్టే. మర్నాడే గూడు మూలలో గడ్డి వేసి, ఒక పింగాణీ గుడ్డు పెడతాను.